పడవలోకి నీరు ఎక్కడినుంచి వస్తోందో చూపించిన మీకు

పాత తెరచాప పడవ అడుగున రోజూ కొంచెం కొంచెంగా నీరు చేరుతుంటే ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు కాబట్టి అందరి ముందూ ఇలా కృతజ్ఞతలు చెబుతున్నాను.

మీరు రాగానే పానా పట్టుకోలేదు. అది ఉప్పునీరా, మంచినీరా అని అడిగారు. ఒక్క చుక్క నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంది. దాంతో మంచినీళ్ల ట్యాంకు, దాని గొట్టాలు, డెక్ మీంచి కారే వాననీరు అన్నీ అనుమానం నుంచి తప్పుకున్నాయి. తర్వాత అడుగంతా పొడిగా తుడిపించి, ప్రతి సీకాక్ (పడవ గోడలోని నీటి రంధ్రాన్ని మూసే వాల్వు) కిందా, కీల్ బోల్టుల (పడవ అడుగున ఉండే బరువైన కీల్‌ను బిగించి ఉంచేవి) చుట్టూ, ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజన్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోటా టిష్యూ కాగితాలు పరిపించారు. షాఫ్ట్ దగ్గరిదే తడిసింది.

అలాంటప్పుడు చాలామంది, నీరు లోపలికి రాకుండా షాఫ్ట్ చుట్టూ కూరే ప్యాకింగ్‌ను నొక్కిపట్టే నట్టు బిగించేస్తారు. మీరు వద్దన్నారు. ఈ పాత రకం ప్యాకింగ్‌లో షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, దాన్ని చల్లగా ఉంచేది ఆ నీరే, ఆగి ఉన్నప్పుడు మాత్రం కారకూడదు అని వివరించారు. ఎంత ఓపిగ్గా చెప్పారో! చివరికి లీకు నట్టు దగ్గర కాదు, దాని వెనక రబ్బరు హోస్ అడుగువైపు, తుప్పుపట్టిన క్లాంపు (హోస్‌ను బిగించే లోహపు పట్టీ) కింద. మీరు చిన్న అద్దం పెట్టి చూపించేదాకా అది కంటికి ఆనలేదు.

పడవను ఒడ్డుకెక్కించి హోస్ మార్చాం, రెండు చివరలా రెండేసి స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు వేశాం. ఇప్పుడు అడుగు పొడిగా ఉంది. మా పడవలో మీకు ఎప్పుడూ చోటుంటుంది, తప్పకుండా రండి.