గళ్ళ కోటు పెద్దాయన, నానమ్మ చెంబు

తెనాలి

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

పుణేలో సింబయాసిస్ విద్యాసంస్థ ఆవరణలో ఉన్న, టైమ్స్ ఆఫ్ ఇండియా కార్టూన్లలోని ‘సామాన్యుడి’ (కామన్ మ్యాన్) విగ్రహం పక్కన నిలబడి నువ్వు తీయించుకున్న ఫొటో అందింది. ‘ఈయనను చూస్తే తాతయ్య గుర్తొచ్చారు, మరి నానమ్మ తనను ఏ బొమ్మలో చూసుకునేది?’ అని నువ్వు అడిగిన మాటకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి తాతయ్యకు ఆయన పోలికలేవీ లేవు. తాతయ్య సన్నని పొడుగు మనిషి, చివరిదాకా తల నిండా జుట్టు. అయినా గ్రంథాలయంలో టైమ్స్ ఆఫ్ ఇండియా తెరిచినప్పుడల్లా మొదటి పేజీలోని ఆ బొమ్మ కింది ఇంగ్లీషు వాక్యాన్ని నా చేత చదివించుకుని, ‘ఈ ముసలాయన నేనేరా’ అనేవారు. ఆ బొమ్మలు గీసిన కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గారు మొదట్లో దేశ ప్రజలను చూపడానికి బెంగాలీ, తమిళుడు, పంజాబీ అంటూ ఒక గుంపునే గీసేవారట; పత్రిక వేళకు బొమ్మ అందాలి కనుక ఒక్కొక్కరినే తీసేస్తూ పోగా, 1951 నుంచి కనిపించే ఈ పంచె, గళ్ళ కోటు, కళ్ళజోడు మనిషి మిగిలాడు. ఆయనకు పేరు లేదు, ఊరు లేదు, నోట మాట లేదు. అందుకే చూసేవాడికి తన పేరునూ, తన ఊరునూ, తాను మింగేసిన మాటనూ అందులో పెట్టుకునే చోటు దొరికింది. ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడిన తాతయ్యకు ఆ మౌనంలోనే పోలిక కనిపించిందని నా నమ్మకం. 1988లో ఆ పత్రిక 150 ఏళ్ళ సందర్భంగా ఆ బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చినప్పుడు, దానిని ఏ ఉత్తరానికీ అంటించకుండా తన జేబు పుస్తకంలో దాచుకున్నారు.

ఆ కార్టూన్లలో సామాన్యుడి భార్య కూడా ఉంటుంది, ఆమె బాగానే మాట్లాడుతుంది. కానీ చదువు రాని నానమ్మ వాటి వంక ఎన్నడూ చూడలేదు. ఆమె తనను చూసుకున్నది పుట్టింటివారు పెట్టిన ఇత్తడి చెంబులో. పెళ్ళికి ముందు పాత్రల కొట్టులో దాని మెడ కింద ‘సీతమ్మ’ అని పేరు కొట్టించారు. చుక్క పక్కన చుక్కగా ఉలితో పొడిచిన ఆ అక్షరాల్లో, చోటు చాలక చివరిది కాస్త కిందికి దిగింది. చుట్టాల ఇళ్ళలో శుభకార్యాలకు వెళ్ళిన సామాను తిరిగి వచ్చినప్పుడు, ఆమె కుప్పలో చెయ్యి పెట్టి, దిగిన ఆ అక్షరాన్ని వేలితో తడిమి, ‘ఇదిగో, నేనిక్కడున్నాను’ అనేది. ఇంటి దస్తావేజు, కరెంటు బిల్లు, వాకిట్లో పేరు పలక అన్నీ తాతయ్య పేరనే ఉండేవి. ఆ ఇంట్లో ఆమె పేరు కనిపించేది ఆ చెంబు మీద మాత్రమే.

అడుగు సొట్టపోయిందని నేను ఒకసారి దానిని పాత సామాను అతనికి వేయబోతే, ఆమె నా చేతిలోంచి లాక్కుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక చెంబు కోసం ఇంత కోపమా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను.

నీ ప్రశ్న చదివాక అటక మీది నుంచి దానిని దించి, చింతపండుతో తోమాను. ఇన్నేళ్ళ తోముడుకు ‘సీ’ బాగా అరిగిపోయింది, కంటికి ఆనడం లేదు. బొటనవేలికి మాత్రం ఇంకా తగులుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే తడిమి చూడు.

ఇట్లు,
నాన్న