విశాఖ ఆతిథ్యానికి సొంత నిధి, సొంత పద్దు కావాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో 30 ఏళ్లుగా 24 గదుల లాడ్జి నడుపుతున్నవాణ్ణి. మా నగరానికి పర్యాటకులను రప్పించేందుకు జరుపుతున్న ఉత్సవాల గురించి, సదస్సుల గురించి, తీరం పొడవునా వస్తున్న కొత్త హంగుల గురించి మీ పత్రికలో తరచు చదువుతుంటాను. ఆ ప్రచారానికి సొమ్ము ఏ పద్దు నుంచి వస్తోంది, దాని ఫలితంగా ఏ నెలలో ఎన్ని గదులు అదనంగా నిండాయి అనే రెండు ప్రశ్నలకు మాత్రం ఎక్కడా సమాధానం దొరకదు. ఎవరో దాచిపెట్టడం వల్ల కాదు, ఆ లెక్క చూడవలసిన సంస్థ నగరంలో లేకపోవడం వల్లనే దొరకడం లేదని నా అభిప్రాయం.

ఇప్పుడున్న ఏర్పాటును గమనించండి. రాష్ట్ర పర్యాటక శాఖ విధానం రూపొందిస్తుంది. పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత హోటళ్లను, బస్సు ప్యాకేజీలను చూసుకుంటుంది. కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) చేతిలో ఉన్నాయి. బీచ్ రోడ్డు పారిశుద్ధ్యం, వీధి దీపాలు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బాధ్యత. ఎవరి పని వారు చేస్తున్నారు. అయితే ఊరికి వచ్చిన మనిషి ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉండేలా చూడడం వీరిలో ఎవరి పనీ కాదు. పైగా హరిత హోటళ్లు నడిపే సంస్థ మావంటి వారికి పోటీదారు కూడా. మా గదులకు గిరాకీ తెచ్చే బాధ్యతను పోటీదారు నెత్తిన పెట్టడం వారికీ న్యాయం కాదు, మాకూ కాదు.

సొమ్ము సంగతికి వస్తాను. 2017 జూలై 1కి ముందు గది అద్దెలపై రాష్ట్రం లగ్జరీ పన్ను వసూలు చేసేది. జీఎస్‌టీ వచ్చాక అది అందులో కలిసిపోయింది. రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు మొదట మినహాయింపు ఉండేది. 2022 జూలై 18 నుంచి వాటిపైనా 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు అది 5 శాతానికి తగ్గింది గాని, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మా కొనుగోళ్లపై కట్టిన పన్నును మినహాయించుకునే వీలు పోయింది. నేటి లెక్క ప్రకారం వెయ్యి రూపాయల గదికి అతిథి కట్టే 50 రూపాయల పన్నులో 25 కేంద్రానికి, 25 రాష్ట్రానికి వెళ్తాయి. ఆ అతిథి నడిచిన రోడ్డు, తాగిన నీరు, పారేసిన చెత్త చూసుకునే నగరానికి అందులో నేరుగా వచ్చేది సున్నా. లాడ్జి నిండినా ఖాళీగా ఉన్నా మేము కట్టే ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజు ఒక్కటే. కనుక గదులు నిండాలన్న తొందర నగరపాలక సంస్థకు ఉండవలసిన కారణమేమీ ఆ ఏర్పాటులో లేదు.

పర్యాటకులతో బతికే ఇతర దేశాల నగరాలు ఈ చిక్కును చాలాకాలం కిందటే విప్పుకున్నాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1896లో ఒక పత్రికా రచయిత, మన ఊరికి ఎన్నో సమావేశాలు వాటంతటవే వస్తున్నాయి, కూడబలుక్కుని ప్రయత్నిస్తే ఇంకెన్ని వస్తాయో అని రాశాడు. ఆ రాత చదివిన వ్యాపారులు ఒక హోటల్లో సమావేశమై అందుకోసమే ఒక సంఘాన్ని పెట్టుకున్నారు. అలాంటి నగర పర్యాటక సంస్థల్లో అదే మొదటిదని చెబుతారు. (పత్రికకు లేఖ రాసే నావంటి వాడికి ఈ కథ కాస్త ధైర్యాన్ని ఇస్తుంది.) లాస్ వేగాస్‌లో 1955లో నెవాడా శాసనసభ చట్టంతో ఏర్పడిన మండలి గది పన్ను ఆధారంగా 1959 నాటికి సమావేశ కేంద్రాన్ని నిర్మించింది. నేటికీ ఆ సంస్థ ప్రచార ఖర్చుకు గది పన్నులోని వాటా ప్రధాన ఆధారం. దాని పాలకమండలిలోని 14 మందిలో 8 మంది ఎన్నికైన ప్రజాప్రతినిధులు, మిగిలినవారు వ్యాపార రంగం నుంచి వచ్చినవారు.

మనకు ఎక్కువ దగ్గరగా ఉన్న ఉదాహరణ ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్. మన నగరపాలక సంస్థలకు లేనట్టే అక్కడి నగరానికీ అప్పట్లో గదులపై పన్ను వేసే అధికారం లేదు. అధికారం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, వ్యాపార ప్రాంతాల అభివృద్ధికి ఉన్న వేరే చట్టాన్ని ఆధారం చేసుకుని, నగర మధ్యంలోని హోటళ్లే ఓటు వేసి తమ మీద తామే రుసుము విధించుకున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి గదికి రాత్రికి ఒక పౌండు చొప్పున వసూలవుతోంది. గిరాకీ తగ్గే నెలల్లో కార్యక్రమాలు తేవడానికి, వీధుల శుభ్రతకు ఆ సొమ్మును వెచ్చిస్తారు. గడువు ఐదేళ్లు, ఆ తరువాత కొనసాగాలంటే మళ్లీ హోటళ్ల ముందుకు ఓటుకు రావలసిందే. ఈ చివరి నియమమే నాకు అన్నిటికంటే నచ్చింది.

మన దగ్గర ఇలాంటి ఆలోచన లేదని కాదు. హైదరాబాద్‌లో 2006లో అంతర్జాతీయ సమావేశ కేంద్రం తెరుచుకున్నాక, సమావేశాలను ఆకర్షించేందుకు ప్రత్యేకంగా కన్వెన్షన్ విజిటర్స్ బ్యూరో ఏర్పడింది. 2012 అక్టోబర్‌లో జీవవైవిధ్య సదస్సు వంటి పెద్ద కార్యక్రమానికి ఆ నగరం వేదికైంది. విశాఖ కూడా 2016లో సుమారు 50 దేశాలు పాల్గొన్న నౌకాదళ సమీక్షను, 2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సును, అదే నెలలో జీ20 సమావేశాన్ని చక్కగా నిర్వహించింది. అలాంటి రోజుల్లో ప్రతినిధులు బీచ్ రోడ్డు స్టార్ హోటళ్లలో దిగుతారు; వారి డ్రైవర్లు, కెమెరామెన్, బందోబస్తుకు వచ్చిన పోలీసులు మా లాడ్జిలకు వస్తారు. నాలుగు రోజులు గది దొరకదు, ఐదో రోజు తాళాలు వేసి ఉంటాయి. సదస్సులు వద్దని నేను అనడం లేదు. నాలుగు రోజుల పండుగను చూసి ఏడాది ఆతిథ్యాన్ని అంచనా కట్టకూడదని అంటున్నాను.

అసలు ఏడాది పొడవునా మా గదుల్లో ఉండేదెవరో ఆ అంచనాలు కట్టేవారు ఒకసారి మా రిజిస్టర్లు తిరగేస్తే బాగుండును. దసరా సెలవుల్లో, మళ్లీ డిసెంబర్, జనవరి నెలల్లో బెంగాల్ కుటుంబాలు వస్తాయి; అద్దాల పెట్టె ఉన్న కిరండూల్ రైలులో అరకు వెళ్లి, బొర్రా గుహలు చూసి, తిరుగు ప్రయాణంలో మరో రాత్రి ఉండి వెళ్తారు. వీరి కోసం ఎవరి ప్రమేయమూ లేకుండానే వంటవాళ్లు చేపల పులుసులో ఆవనూనె వాడడం నేర్చుకున్నారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అన్‌సీజన్. అప్పుడు మాకు అన్నం పెట్టేది సముద్రం కాదు, ఆసుపత్రులు. కొరాపుట్, జయపురం, రాయగడ, జగదల్‌పూర్ నుంచి రోగులను తీసుకుని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కూ ప్రైవేటు ఆసుపత్రులకూ వచ్చే బంధువులు ఐదు రోజులో పది రోజులో ఉంటారు. వారికి కావలసినది సముద్రం కనిపించే కిటికీ కాదు. శుభ్రమైన దుప్పటి, వేడినీళ్లు, పథ్యం వండుకోవడానికి ఒక మూల, రాత్రి రెండింటికి తలుపు తీసే మనిషి, ఒడియా అర్థమయ్యే గుమస్తా. పర్యాటక ప్రచారపు ఏ కరపత్రంలోనూ వీరి ఊసు ఉండదు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షల మంది వచ్చి 32 కిలోమీటర్లు నడుస్తారు. అది కూడా అన్‌సీజన్‌లోనే. వారిలో చాలామంది అలసిన కాళ్లతో ఆ తెల్లవారే బస్సెక్కేస్తారు. స్నానానికీ నాలుగు గంటల విశ్రాంతికీ సగం అద్దెకు గది ఇస్తామని లాడ్జిలన్నీ కలిసి ముందుగా ప్రకటించి ఉంటే ఎంతమంది ఆగేవారో ఇంతవరకు ఎవరూ ప్రయత్నించి చూడలేదు. ఒక్క లాడ్జివాడు ప్రకటిస్తే ఎవరికీ తెలియదు, అందరి తరఫున చెప్పే గొంతు ఒకటి కావాలి.

అందుచేత నా సూచన ఇది. నగరంలోని హోటళ్లు, లాడ్జిలు, హోమ్‌స్టేలు సభ్యులుగా, లాభాపేక్ష లేని సంస్థగా ఒక నగర పర్యాటక బ్యూరోను నమోదు చేయాలి. నిండిన గదికి రాత్రికి ఇంత అని సభ్యులు స్వచ్ఛందంగా చెల్లించాలి. వెయ్యి లోపు గదికి 10 రూపాయలు, పై శ్రేణులకు అద్దెను బట్టి ఎక్కువ. మా 24 గదుల్లో ఏడాది సగటున సగం నిండుతాయనుకుంటే 4,380 గది రాత్రులు, అంటే 43,800 రూపాయలు. ఇది చిన్న మొత్తమని నేను అనను; ఒక రూమ్ బాయ్‌కి మూడు నెలల జీతానికి పైమాటే. కాని బుకింగ్ యాప్‌ల ద్వారా వచ్చే వెయ్యి రూపాయల గదికి రెండు వందలకు తగ్గకుండా కమీషన్ ఇస్తూ, ఆ ఖర్చును మారుమాట లేకుండా భరిస్తున్నాం. సభ్యులు పోగు చేసినదానికి సమానంగా రాష్ట్రం తన వాటా జీఎస్‌టీ నుంచి గ్రాంటు కలపాలి. 2024–29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చినవారికి ఇది పెద్ద కోరిక కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంటుందని నాకు తెలుసు. ఎక్కువ డబ్బు స్టార్ హోటళ్ల నుంచి వస్తుంది కనుక పాలకమండలిలో వారిదే పైచేయి అవుతుంది, చివరికి మా పది రూపాయలతో వారి గదులకు ప్రచారం జరుగుతుంది. ఈ భయం ఉత్తిది కాదు. అందుకే ఓటు చెల్లింపును బట్టి కాక సభ్యుణ్ణి బట్టి ఉండాలి. 50 గదుల లోపు ఉన్నవారికి మండలిలో కనీసం మూడో వంతు స్థానాలు కేటాయించాలి. వసూలైన దానిలో సగమైనా అన్‌సీజన్ నెలల కోసమే వాడాలి. కోల్‌కతా, రాయ్‌పూర్ ట్రావెల్ ఏజెంట్లను జూలైలో తీసుకొచ్చి ఊరు చూపించడం, లాడ్జి సిబ్బందికి హిందీ, బెంగాలీ, ఒడియాల్లో నాలుగు మాటలు నేర్పించడం, గదుల శుభ్రతను తనిఖీ చేసి ముద్ర వేయడం వంటి పనులకు వేదికలు, పూలదండలు అక్కర్లేదు.

లెక్కల విషయంలో మెతకతనం పనికిరాదు. ఇంత పేరున్న లాస్ వేగాస్ సంస్థలోనే సుమారు 90 వేల డాలర్ల ప్రజాధనంతో విమాన సంస్థ గిఫ్ట్ కార్డులు కొన్నారని, వాటిలో కొన్ని ఉద్యోగుల సొంత ప్రయాణాలకు పోయాయని 2018లో ఆడిట్‌లో బయటపడింది. మన బ్యూరో ప్రతి మూడు నెలలకు వసూలు, ఖర్చు, నిండిన గది రాత్రుల సంఖ్య మీ వంటి పత్రికల్లో ప్రకటించాలి. మూడేళ్లయ్యాక సభ్యులు ఓటు వేసి కొనసాగించాలో మూసివేయాలో తేల్చాలి.

జిల్లా కలెక్టరు, నగర కమిషనరు ఈ దసరా రద్దీ మొదలయ్యే లోపు పెద్ద హోటళ్లతో పాటు లాడ్జి యజమానులను కూడా ఒక్కచోట కూర్చోబెట్టాలని కోరుతున్నాను. మా లాడ్జిలో గత మూడేళ్లుగా నెలవారీ నిండిన గదుల లెక్కను ఆ సమావేశానికి తీసుకువచ్చి అందరి ముందు పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక లాడ్జి యజమాని,
డాబాగార్డెన్స్, విశాఖపట్నం