పది ఫలితాల వేళ బడికి తాళం

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఫలితాలు 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 23న వచ్చాయి. రెండేళ్లూ ఏప్రిల్ 24 నుంచే వేసవి సెలవులు. ఏ గ్రూపు తీసుకోవాలో, ఎక్కడ చేరాలో పిల్లలు అడగవలసిన రోజుల్లోనే బడికి తాళం పడుతోంది. టీసీ మీద సంతకం కోసం హెడ్మాస్టరు గారి సొంత ఊరు వెతుక్కుంటూ బస్సెక్కిన తండ్రులు నాకు తెలుసు.

ఆ సమయంలో వాళ్లకు దొరికేది ప్రైవేటు కాలేజీల పీఆర్వోలే. పరీక్షలు కాకముందే ఇంటికి వస్తారు, మర్యాదగా మాట్లాడతారు, అడ్వాన్సు కట్టించుకుంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుపోతారు. పిల్లవాడు ఇమడలేక నెలకే తిరిగివస్తే ఆ కాగితాలు బయటికి రావడం గగనం. నాకు తెలిసిన ఒక అమ్మాయి తండ్రి రొయ్యల చెరువు కాపలాదారు. చెరువు గట్టు మీదే పెరిగిన పిల్ల. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య ఎలా పైకి తేలుతుందో పాఠం చెప్పినట్టు చెప్పేది. ఎంపీసీలో చేర్చారు. మత్స్యశాస్త్రం డిగ్రీకి ఇంటర్లో బైపీసీ ఉండాలని ఆ ఇంట్లో చెప్పినవారు లేరు. ఆక్వా మీద బతికే డెల్టాలో ఇలా జరగడం నన్ను చాలా బాధపెట్టింది.

తెలియక పోగొట్టుకుంటున్నవి ఇంకా ఉన్నాయి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ 2025లో ఏప్రిల్ 30న జరిగింది. ఫలితాలు చూసుకుని ఆలోచిద్దాం అనుకున్నవారికి అప్పటికే దరఖాస్తు గడువు దాటిపోయింది. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లల మార్కులకు 4 శాతం అదనంగా కలుపుతారన్న సంగతి ఎన్ని ఇళ్లకు చేరింది? ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఆ పథకానికి పెట్టిన పేరు మన లంకల గన్నవరం అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారిది. ఆ ఊరి చుట్టుపక్కల తల్లులే ఈ మాట విని ఆశ్చర్యపోయారు.

దారి సంగతీ చెప్పాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం కాలేజీలకు వెళ్లే పిల్లలకు గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) దిక్కు. కొత్త తరగతులు కుదురుకునే జూలై, ఆగస్టుల్లోనే వరద వస్తుంది, పంటు ఆపేస్తారు. మొదటి నెలల పాఠాలు పోయినవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, మెల్లగా మానేస్తారు. ఆ రోజుల పాఠాలు మళ్లీ చెప్పే ఏర్పాటు కాలేజీలు చేయాలి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఫలితాల తరువాత పది రోజులపాటు ప్రతి ఉన్నత పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు ఉదయం పూట కూర్చోవాలి. సెలవుల్లో ఇతర విధులకు ఇచ్చినట్టే వారికి ఆర్జిత సెలవు జమచేయాలి. టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు అక్కడే ఇవ్వాలి. జనవరిలోనే దగ్గరి ప్రభుత్వ జూనియర్ కాలేజీ అధ్యాపకులు బడికి వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడాలి, పిల్లలను ఒక పూట తీసుకువెళ్లి ల్యాబులు చూపించాలి. కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లు, విద్యాశాఖాధికారులు వచ్చే పరీక్షలకు ముందే ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, రాజోలు