చేతులు వణికితే అంతా టెన్షనే కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పాదరసం గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు ఎంత జాగ్రత్తగా ఉండాలో బాగా చెప్పారు. కడుపులో బిడ్డ మెదడుకు దానివల్ల ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ అది చదివితే పెద్దవాళ్లకు దీంతో భయం లేదేమో అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకుని రెండేళ్లు పోగొట్టుకున్నాం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్నయ్య ఒక వర్క్‌షాపులో పాదరసం బీపీ మిషన్లు బాగుచేసేవాడు. పగిలిన గాజు గొట్టం తీసేసి, పాదరసం వడకట్టి మళ్లీ నింపడం తన పని. ఒక్కో మిషన్‌లో సుమారు వంద గ్రాములు ఉంటుంది. చిన్న గది, కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. ఒలికిన పూసలు బల్ల సందుల్లోకి జారిపోతే వాటిని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. తను రాసిన పని రిజిస్టర్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మొదటి దాంట్లో ముత్యాల్లాంటి అక్షరాలు. నాలుగో దాంట్లో సున్నా చుట్టిన చోట రెండు కొసలూ కలవవు, ఒత్తులు కింది గీత మీదికి జారిపోయాయి, తలకట్టు పెట్టబోయిన చోట పెన్ను రెండు మూడుసార్లు గీసుకుపోయింది. అప్పటికే మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు.

వణుకు కన్నా మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది మనిషి మారిపోవడం. ఎవరినీ పల్లెత్తు మాట అనని అన్నయ్య చీటికీ మాటికీ కసురుకునేవాడు, తర్వాత ఒంటరిగా కూర్చుని కుమిలిపోయేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు. నిద్ర పట్టేది కాదు. ఇప్పుడే చెప్పిన మాట మరిచిపోయేవాడు. ఇద్దరు డాక్టర్లు టెన్షన్ అన్నారు, నిద్రమాత్రలు రాశారు. మేమూ స్వభావం పాడైందనుకుని నాలుగు మాటలన్నాం. వాటిని ఇప్పుడు వెనక్కి తీసుకోలేం. మూడో డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "మీరేం పని చేస్తారు? ఎన్నేళ్లుగా?" ఆ వారమే యూరిన్ టెస్ట్ చేయించింది. విషయం బయటపడింది.

పాదరసం మామూలు గది వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరికి రంగూ వాసనా ఉండవు. మింగిన పాదరసం ఒంటికి దాదాపు పట్టదు గానీ, పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతం రక్తంలోకి వెళుతుంది. చిన్నప్పుడు థర్మామీటర్ కొరికి మింగినా ఏమీ కాలేదని చెప్పేవాళ్లు ఈ తేడా గమనించాలి. ఆవిరి రక్తంలోంచి మెదడులోకి సులువుగా దూరుతుంది, అక్కడ రసాయనికంగా మారిపోయి బయటికి రాలేక ఉండిపోతుంది. వేళ్లు, కనురెప్పలు, పెదవుల్లో సన్నని వణుకు, చిగుళ్ల వాపు, చిరాకు, బెరుకు, మతిమరుపు... ఇవన్నీ వైద్యులకు ఎప్పటినుంచో తెలిసినవే. ఈ మానసిక మార్పులను ఎరెథిజం అంటారు. 18, 19 శతాబ్దాల్లో యూరప్‌లో టోపీలు తయారుచేసేవాళ్లు బొచ్చును పాదరసం ద్రావణంతో నానబెట్టి, ఆవిరి పీల్చి ఇలాగే అయిపోయారు.

పాదరసంలోనే ఇంకో రూపమైన మిథైల్ మెర్క్యురీ దారి వేరు. అది ఎక్కువగా చేపల ద్వారా ఒంట్లో చేరుతుంది. పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు మొదలవుతాయి. తర్వాత నడకలో తూలు, మాటలో తడబాటు, వినికిడి తగ్గడం, గొట్టంలోంచి చూస్తున్నట్టు చూపు కుంచించుకుపోవడం. జపాన్‌లోని మినమాటలో ఈ జబ్బు 1956లో అధికారికంగా బయటపడింది. కారణం ఫ్యాక్టరీ వ్యర్థాలేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. 1971-72లో ఇరాక్‌లో ఈ రకం పాదరసం కలిసిన మందు పట్టించిన విత్తన గోధుమలను జనం పిండి పట్టించి రొట్టెలు చేసుకు తిన్నారు. ఆస్పత్రుల్లో చేరినవాళ్లు 6,530 మంది, అక్కడే చనిపోయినవాళ్లు 459 మంది. తిన్న రోజున ఎవరికీ ఏమీ కాలేదు. వారాల తర్వాత మొదలైంది.

ఈ ఆలస్యమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త కారెన్ వెటర్‌హాన్ చేతి గ్లౌజు మీద 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస సమ్మేళనం చుక్కలు కొన్ని పడ్డాయి. ఆ రబ్బరు గ్లౌజు దాన్ని ఆపలేకపోయింది. నడక తూలడం, మాట ముద్దగా రావడం మరుసటి జనవరికి గానీ స్పష్టంగా తెలియలేదు. జూన్‌లో ఆవిడ చనిపోయింది. విషాల గురించి అంత తెలిసిన మనిషికే ఐదు నెలలు తెలియనప్పుడు, పేషెంటు తనంతట తాను డాక్టరుకు చెబుతాడని ఎలా అనుకుంటాం? డాక్టరే అడగాలి. ఇప్పటి పనే కాదు, మానేసిన పని గురించి కూడా.

టెస్టు ఎంచుకోవడం కూడా ముఖ్యం. ఆవిరి పీల్చినవాళ్లకు మూత్రం పరీక్షించాలి. మిథైల్ మెర్క్యురీ అయితే రక్తం, లేదా వెంట్రుకలు. అది మూత్రంలో పెద్దగా కనిపించదు కాబట్టి, ఆ రిపోర్టు చూసి ఏమీ లేదనుకుంటే మోసపోతాం. ఇక వైద్యంలో మొదటి మెట్టు పాదరసానికి దూరం కావడం. మెదడులో చచ్చిపోయిన కణాలు మళ్లీ రావు. అన్నయ్య ఆ పని మానేశాక నెలల మీద వణుకు చాలావరకు తగ్గింది, నిద్ర వచ్చింది. జ్ఞాపకశక్తి మాత్రం మునుపటిలా లేదు.

పాదరసం వాడకం తగ్గించడానికి మినమాట పేరుతోనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అది 2017లో అమల్లోకి వచ్చింది. పాదరసం థర్మామీటర్లు, బీపీ మిషన్ల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2020కల్లా ఆపాలన్నారు. కానీ అంతకుముందు తయారైనవి ఎక్కడికి పోతాయి? స్టోర్‌రూముల్లో ఉంటాయి, పాడైతే ఎవరో ఒకరు వట్టి చేతులతో విప్పుతారు. కింద ఒలికితే చీపురుతో ఊడుస్తారు. చీపురైనా వాక్యూమ్ క్లీనరైనా పూసలను ఇంకా చిన్నవి చేసి ఆవిరి పెంచుతుంది. తలుపులు తెరిచి, గట్టి అట్టతో దగ్గరికి చేర్చి, డ్రాపర్‌తో పీల్చి, మూత బిగుతుగా ఉండే సీసాలో వేయాలి.

నేను కోరేది రెండు విషయాలు. పాదరసంతో పనిచేసే ప్రతి ఒక్కరికీ యాజమాన్యం ఖర్చుతో క్రమం తప్పకుండా మూత్ర పరీక్ష జరగాలి. వణుకు, నిద్రలేమి, కారణం లేని కోపంతో వచ్చిన పెద్దవాళ్లను డాక్టర్లు ఏం పని చేస్తారు, ముఖానికి ఏం రాసుకుంటారు అని అడగాలి. చర్మం తెల్లబడుతుందని అమ్మే కొన్ని క్రీముల్లోనూ పాదరసం దొరికింది కాబట్టి రెండో ప్రశ్న కూడా. దీని మీద ఒక న్యూరాలజిస్టు చేత మీ పత్రికలో రాయించండి.

అన్నయ్యతో పాటు ఆ గదిలో పనిచేసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకు ఇప్పటికీ ఆ పరీక్ష జరగలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు