మొదలుపెట్టిన వాళ్ల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే విజయగాథలను నేను వదలకుండా చదువుతాను. పట్టుదలతో కల నెరవేర్చుకున్న వాళ్లంటే నాకు గౌరవం. కానీ చదివిన ప్రతిసారీ ఒక లోటు కనిపిస్తుంది. ఆ మనిషికి ఏమీ రాని రోజుల గురించి ఒక్క పేరా కూడా ఉండదు. పేరో, డబ్బో, పతకమో వచ్చాకే కథ మన దాకా వస్తోంది. దాంతో కల అంటే అంత పెద్దదే అయి ఉండాలని జనం అనుకుంటున్నారు. అది మన వల్ల అయ్యేది కాదులే అని, మనసులో ఉన్న చిన్న కోరికను కూడా పక్కన పడేస్తున్నారు.

నేను డయాలసిస్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఈ పనిలోనే నా తల నెరిసింది. కిడ్నీలు పాడైన వాళ్లు మామూలుగా వారానికి మూడుసార్లు వస్తారు. వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు మెషీన్ పక్కనే ఉండాలి, సూదులు పెట్టిన చెయ్యి కదపకూడదు. అంతసేపు పడుకుంటే ఎవరికైనా మాట్లాడాలనిపిస్తుంది. ముందు పిల్లల చదువులు, అప్పులు. ఆ తర్వాత అసలు మాట బయటికొస్తుంది. "రిటైరయ్యాక సంగీతం నేర్చుకుందామనుకున్నానమ్మా", "పిల్లలు సెటిలయ్యాక ఇద్దరం ఊళ్లు తిరుగుదామనుకున్నాం సిస్టర్". జీవితం చిన్నదని నాకు నేర్పింది ఈ మాటలే.

మా దగ్గరికి వచ్చే ఒకావిడ మాత్రం ఆ నాలుగు గంటల్లోనే బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. డయాలసిస్ సూదులు పెట్టడానికి వీలుగా చేతిలో రక్తనాళాలను కలిపి చేసే ఫిస్టులాను డాక్టర్లు వీలైనంత వరకు తక్కువగా వాడే చేతికే చేస్తారు. అందుకని ఆవిడ కుడి చెయ్యి ఖాళీ. ఒళ్లో దిండు, దాని మీద అట్ట, అట్టకు క్లిప్పుతో కాగితం. రెండో చెయ్యి సాయం రాదు కాబట్టి కాగితం మార్చేది మేమే. మొదట సెలైన్ స్టాండు వేశారు. తర్వాత ఎదుటి మంచం మీద ఆయన పాదాలు. ఆ పాదాల దగ్గరే చాలాకాలం ఆగిపోయారు. కాలివేళ్లు కుదరక చెరిపి చెరిపి కాగితం చిరిగేది. బీపీ పడిపోయిన రోజు పెన్సిల్ ముట్టుకోరు. ఆ బొమ్మలు ఏ ప్రదర్శనలోనూ లేవు, ఎవరూ కొనలేదు. కానీ ఇదివరకు డయాలసిస్ రోజు వస్తోందంటే ముందు రాత్రి నిద్రపోని మనిషి, ఇప్పుడు "ఇవాళ నాకు నాలుగు గంటలు దొరికాయి" అంటూ లోపలికి వస్తున్నారు. విజయమంటే నాకు ఇదే. దీని గురించి ఏ పత్రికా రాయదు.

ఆవిడను చూశాకే నేను ఈత నేర్చుకోవడానికి చేరాను. చిన్నప్పటి నుంచి నీళ్లంటే ఎంత ఇష్టమో అంత భయం. మొదట నేర్పేది చేతులు ఆడించడం అనుకున్నాను, కాదట. గట్టు పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో గాలి వదలడం. ఊపిరి బిగబట్టకుండా నీళ్లలో వదిలేయడం ఒంటికి అలవాటయ్యే దాకా మిగతాదేదీ రాదు. నేర్పే అమ్మాయి నా కూతురి కంటే చిన్నది. "మేడం, కంగారు లేదు, మళ్లీ ఒకసారి" అంటుంది. ఆ మాట ఎంత ధైర్యమిస్తుందో తెలిశాక, వార్డులో కొత్తగా చేరిన నర్సులకు సూది పెట్టడం నేర్పేటప్పుడు నేనూ అదే అంటున్నాను. వాళ్ల చేతుల వణుకు త్వరగా తగ్గుతోంది. వ్యక్తిత్వ వికాసం అని పెద్ద పేరు పెట్టేది ఇలాంటి దానికే అయి ఉంటుంది.

"ఈ వయసులో ఎందుకు?" అని అడిగేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2008లో జర్మనీ పరిశోధకులు అరవై ఏళ్ల అటూ ఇటూ ఉన్నవాళ్లకు మూడు బంతులను గాల్లోకి ఎగరేసి పట్టుకునే విద్యను మూడు నెలలు నేర్పించారు. కుర్రవాళ్లంత బాగా రాకపోయినా, స్కాన్‌లో మెదడులో కొన్ని భాగాలు కాస్త పెరిగినట్టు కనిపించింది. సాధన ఆపేశాక ఆ పెరుగుదల తగ్గిపోయింది కూడా. కెన్యాలో కిమానీ మరూగే 84 ఏళ్ల వయసులో, 2004లో, ఒకటో తరగతిలో చేరాడు. అంతకు ముందు ఏడాదే అక్కడి ప్రభుత్వం ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. ఆయన పట్టుదల ఎంత గొప్పదైనా, బడి తలుపు ఎవరో ఒకరు తెరవాల్సి వచ్చింది.

నా బాధంతా ఆ తలుపు గురించే. కలలు కనండి, జీవితం చిన్నది అని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటున్న కూతురికి, రెండు ఉద్యోగాలు చేస్తున్న తండ్రికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? టైం లేదు అని వాళ్లు చెప్పేది నిజం. వాళ్లకు కావాల్సింది ప్రోత్సాహం కంటే ముందు ఒక గంట. ఆ గంట ఇంట్లో మరొకరు ఇవ్వాలి. నేను ఈతకు వెళ్లే పొద్దున మా ఆయన ఇంటి పని మొత్తం చూసుకుంటారు. అది లేకపోతే నేను గట్టు దాకా కూడా వెళ్లేదాన్ని కాదు.

అందుకే నా విన్నపం. వారానికి ఒకసారైనా, ఏదో ఒకటి ఇప్పుడే మొదలుపెట్టిన మామూలు మనిషి గురించి వేయండి. ఏం సాధించారు అని అడగొద్దు. ఏ వేళలో చేస్తున్నారు, ఆ సమయంలో ఇంటి పని ఎవరు అందుకున్నారు, ఇంకా ఏది కుదరడం లేదు, ఇవి అడగండి. మా బొమ్మల ఆవిడను నేను ముందే అడిగాను. పేరు లేకుండా అయితే సరేనన్నారు. మీరు ఊ అంటే ఆవిడ వేసిన పాదాల బొమ్మ పంపిస్తాను.

– ఒక స్టాఫ్ నర్సు