మంచును తిట్టడం లేదు మంత్రిగారూ, ఆ ‘ఇంకో అరగంట’ సంగతే చెప్తున్నా

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

మాదీ శ్రీకాకుళం జిల్లానే. ఆ చనువుతోనే రాస్తున్నాను.

పోయిన చలికాలం మా చిన్నాన్న పెద్దకర్మకి హైదరాబాద్ నుంచి విశాఖకి బయల్దేరాను. ఫ్లైట్ మధ్యాహ్నం మూడింటికి. బోర్డు మీద ముందు 3:40 పడింది, తర్వాత 4:30, ఆ తర్వాత 5:15. అడిగినప్పుడల్లా ‘ఇంకో అరగంట’ అనే మాటే. కారణం అడిగితే కౌంటర్లో అమ్మాయి ‘వాతావరణం సార్, పొగమంచు’ అంది. పక్క కుర్చీలో పలాస వెళ్లాల్సిన పెద్దావిడ అద్దాల్లోంచి బయటికి చూసి, ‘మంచేటి బాబూ, ఇంత ఎండ కాస్తంటే?’ అంది.

ఆవిడ ప్రశ్న సరైనదే. మంచు శంషాబాద్‌లో లేదు, పొద్దున ఢిల్లీలో ఉంది. నాలుగింటికి వెనక సీట్లో కుర్రాడు ఫోన్లో చూసి, మేం ఎక్కాల్సిన విమానం ఇంకా ఢిల్లీలోనే ఉందని చూపించాడు. అది ఇక్కడికి రావడానికే రెండు గంటల పైన పడుతుంది. బోర్డు మాత్రం 4:30 అనే అంటోంది! ఆ కుర్రాడి ఫోన్‌కి తెలిసింది కంపెనీకి తెలియదంటే ఎలా నమ్మమంటారు?

పొగమంచుతో ఎవరూ గెలవలేరని మాకూ తెలుసు. ఢిల్లీలో క్యాట్ 3బి పరికరాలున్న (అంటే దట్టమైన మంచులోనూ విమానాన్ని దింపడానికి దారి చూపేవి) రన్‌వే మీద, శిక్షణ పొందిన పైలట్ ఉంటే, 50 మీటర్ల దూరం కనిపించినా దిగొచ్చు. చిత్రమేమిటంటే, లేవడానికి అంతకంటే ఎక్కువ, కనీసం 125 మీటర్లు కనిపించాలి. పైగా మంచులో విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు కాబట్టి గంటకి దిగేవి తగ్గిపోతాయి. ఒకే విమానం రోజుకి ఐదారు ట్రిప్పులు తిరుగుతుంది. పొద్దున ఢిల్లీలో చిక్కుకున్నది సాయంత్రం విశాఖ వాళ్లని కూర్చోబెడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

2014లో హుద్‌హుద్‌కి విశాఖ టెర్మినల్ పైకప్పే లేచిపోతే, ఫ్లైట్లు రాలేదని మేమెవరం అడగలేదు. తుపాను సంగతి రెండుమూడు రోజుల ముందే తెలుస్తుంది, మనుషులు తయారుగా ఉంటారు. మంచు రాత్రికి రాత్రి దిగుతుంది, నిజమే. కానీ పొద్దున ఏడింటికి ఢిల్లీలో తెలిసిన సంగతి మధ్యాహ్నం మూడింటికి కూడా హైదరాబాద్‌లో చెప్పకపోతే అది మంచు తప్పు కాదు కదా.

నాకు ఒంటిగంటకే నిజం చెప్పి ఉంటే సికింద్రాబాద్ పోయి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే ప్రయత్నం చేసేవాణ్ణి. సీటు దొరికేదో లేదో వేరే సంగతి. అక్కడ విశాఖలో మా తమ్ముడు అద్దె కారు పెట్టుకుని నాలుగింటి నుంచి కాచుకుని కూర్చున్నాడు. పెద్దావిడకి షుగర్. మాత్ర వేసుకోవాలంటే ఏదైనా తినాలి. టిఫిన్ అడిగితే ‘వాతావరణం వల్ల లేటు కాబట్టి ఇవ్వం’ అన్నారు. చివరికి ఆవిడే సంచిలోంచి అరిసెలు తీసి సగం తిని, సగం నాకు పెట్టింది. షుగర్ మనిషి అరిసె తినడం చూస్తుంటే నాకు టెన్షన్, ఆవిడకి నవ్వు.

మూడింటి ఫ్లైట్ ఎనిమిదిన్నరకి లేచింది. ఆరు గంటలు దాటితే మొత్తం డబ్బు వెనక్కి అడగొచ్చని రూల్. మాకు అరగంట తక్కువైంది!

రూల్స్ లేవని కాదు. ఆలస్యం ఎంతో ఎప్పటికప్పుడు సరిగ్గా చెప్పాలని 2024 జనవరిలోనే, ఆ నెల మంచు గొడవల తర్వాత, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కంపెనీలకి రాసింది. చెప్పారా లేదా అని లెక్క చూసేవాళ్లే కనపడరు. డీజీసీఏ ప్రతి నెలా విడుదల చేసే నివేదికలో ఏ కంపెనీ ఎంత శాతం టైముకి నడిపిందో ఉంటుంది. దాంట్లోనే ఇంకో గడి పెట్టించండి: ఒక్కో ఫ్లైట్‌కి టైము ఎన్నిసార్లు మార్చారు, చెప్పిన టైముకీ లేచిన టైముకీ తేడా ఎంత అని. అది నెలనెలా పేపర్లో పడితే ‘అరగంట’లు వాటంతటవే తగ్గుతాయి.

వాతావరణం వల్ల లేటైతే నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు, సరే. డబ్బు మేం అడగడం లేదు. మంచినీళ్లకీ టిఫిన్‌కీ ఆ సాకు పనికిరాదని ఒక్క వాక్యం స్పష్టంగా రాయించండి. కోల్‌కతా విమానాశ్రయంలో పది రూపాయలకి టీ పెట్టించిన మంత్రికి ఇది పెద్ద పనేం కాదు.

మరొక్కటి. బోర్డు మీద ‘ఆలస్యం’ పక్కన మా విమానం ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో కూడా వేయించండి. విశాఖ దగ్గరి కొత్త భోగాపురం విమానాశ్రయం టెర్మినల్ నుంచే మొదలుపెడితే, ఈసారి ఆ పెద్దావిడ నన్ను అడగక్కర్లేదు, మనవడితో చదివించుకుంటుంది.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా ప్రయాణికుడొకడు