చల్లని పైకప్పులు చిన్న ఇళ్లకూ అందాలి

సంపాదకులకు,

దేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థాయికి, అంటే గాలిలోకి వదిలే కర్బన వాయువులూ తిరిగి తొలగించేవీ సమానమయ్యే స్థితికి, చేరాలన్న లక్ష్యం గురించి మాట్లాడినప్పుడల్లా అద్దాల టవర్లూ, పర్యావరణ హితమైనవంటూ వాటికిచ్చే హరిత ధ్రువపత్రాలూ ముందుకొస్తాయే గానీ, రెండు మూడంతస్తుల డాబా ఇళ్ల ఊసే రాదు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర ఎండను తిప్పికొట్టే చల్లని పైకప్పులు ఏర్పాటు చేయాలని తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం మెచ్చదగినదే. అయితే 600 చదరపు గజాలకు తక్కువ స్థలంలోని ఇళ్లకు అది ఐచ్ఛికం. మే నెలలో పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉండేది ఆ ఇళ్లలోనే. సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఎండలో చాలా భాగం తిరిగి వెళ్లిపోతుంది, ఏసీ వాడకమూ తగ్గుతుంది. కానీ పై అంతస్తులో ఉండి కరెంటు బిల్లు కట్టేది కిరాయిదారు, డాబా యజమానిది. ఇక సున్నం వేసేదెవరు? పూత వేయించిన యజమానికి ఆస్తి పన్నులో కొంత రాయితీ ఇవ్వాలి. దుమ్ము పట్టి వానలకు మాసిన పూత పనిచేయదు కనుక, ఆ రాయితీని ఒక్కసారితో ముగించక, రెండేళ్లకోసారి తనిఖీ చేసి కొనసాగించాలని పురపాలక శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్